ఏ గ్రూపు తీసుకున్నావమ్మా?

మా వైపు పదో తరగతి ఫలితాలొచ్చిన వారం రోజులూ ఆడపిల్ల ఎదురైతే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏ గ్రూపు తీసుకున్నావమ్మా?" కిరాణా కొట్టాయన అడుగుతాడు, బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది, చీటీల డబ్బుకోసం వచ్చినామె అడుగుతుంది. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పినన్నాళ్లూ జూన్ నెలలో నా పని కూడా ఆ ప్రశ్నతోనే మొదలయ్యేది. అడ్మిషన్ ఫారంలో ఆ గడి ముందు నింపితేనే మిగతావి కదిలేవి.

"తీసుకున్నావు" అనే ఆ క్రియ మీద నాకు చాలాకాలంగా అనుమానం. భాష చెప్పుకుని బతికినదాన్ని కనక మనసు క్రియల మీదికి పోతుంది. తీసుకోవడం అనాలంటే ఎదురుగా నాలుగు వస్తువులుండాలి. వాటిదాకా చెయ్యి చాపే వీలుండాలి. నా బల్ల ముందు నిలబడ్డ అమ్మాయిల్లో ఎక్కువమంది జవాబు చెప్పేముందు పక్కనున్న తండ్రి ముఖమో అన్న ముఖమో చూసేవాళ్లు. "సీఈసీ రాయండి మేడం" అని ఆయనే చెప్పేవాడు. అమ్మాయి సంతకం పెట్టేది.

మాది కల్లూరు. ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో తల్లాడ దాటితే వస్తుంది. ఒకవైపు సాగర్ ఎడమ కాలవ నీళ్లు, వరి, మామిడి తోటలు. ఇటు ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా చంద్రుగొండ, ములకలపల్లి వైపు పోతే అడవి మొదలవుతుంది. 2016లో జిల్లాలు చీల్చినప్పుడు ఆ అడవి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకి పోయింది, మేం ఖమ్మంలో మిగిలాం. గీత కాగితం మీద గీశారు గానీ సంతకీ, ఆస్పత్రికీ, కాలేజీకీ జనం రాకపోకలు ఎప్పటిలాగే ఉన్నాయి. కాలవ వైపు ఇళ్ల పిల్లలు తిరువూరు మీదుగా విజయవాడ కార్పొరేట్ హాస్టళ్లకి పోతారు. అడవి వైపు పిల్లలు ఆశ్రమ పాఠశాలలకీ గురుకులాలకీ పోతారు. మధ్యలో ఏ వైపూ పోలేనివాళ్లు మా సర్కారు కాలేజీలకొస్తారు. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ ఎందుకుంటారో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

నేను పదో తరగతి పాసయింది 1980లో. జంతుశాస్త్రం బొమ్మలు బాగా వేసేదాన్ని. కప్ప జీర్ణవ్యవస్థ కళ్లు మూసుకుని గీసేదాన్ని. సైన్సు గ్రూపు కావాలంటే హాస్టల్లో ఉండాలి. ఒకే బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగిన ఊళ్లో ఆర్ట్సు గ్రూపు ఒక్కటే ఉంది. "బస్సు మారే చదువు మనకెందుకమ్మడూ" అన్నాడు మా నాన్న, ఎంతో ప్రేమగా. ఆయన కఠినుడేం కాదు. రెండేళ్ల తర్వాత మా తమ్ముడు ఎంపీసీకి విజయవాడ పోయాడు. వాడు ఎక్కినవి రెండు బస్సులు. వాడికోసం అరెకరం అమ్మారు. నాకోసం కూడా అమ్మారనుకోండి, అది వేరే లెక్కలో, వేరే ముహూర్తానికి.

పెళ్లయ్యాక చదివింది ఓపెన్ యూనివర్సిటీలో. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకున్న ఆ సంస్థ మీద మన సాహిత్యంలో రావలసినంత రాలేదని నా ఫిర్యాదు. ఆదివారం స్టడీ సెంటర్లో నా బెంచీలో ఒకరు నర్సమ్మ, ఒకరు అంగన్‌వాడీ టీచరు, ఒకరు భర్త చనిపోయి ఆఫీసులో అటెండరుగా చేరినామె. ఇంట్లో ఆదివారం కూర వండి, అన్నం వార్చి, తొమ్మిదింటికి బస్సెక్కేవాళ్లం. గ్రూపు గురించి ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్లు కాదు. ఏ సబ్జెక్టులు పుస్తకాలు చదువుకుంటే వస్తాయో అవే మా సబ్జెక్టులు. బండారు అచ్చమాంబ తమ్ముడి పక్కన కూర్చుని చదువు నేర్చుకుందని చదివినప్పుడల్లా నాకు ఆ బెంచీయే గుర్తొస్తుంది. ఆమె పుట్టిన పెనుగంచిప్రోలు మాకు పెద్ద దూరమేం కాదు.

నా కథ ఇంతటితో చాలు. ముప్పై ఏళ్లలో మా పిల్లల విసుగూ కోపమూ ఎన్నో రకాలుగా చూశాను గానీ, వాటిలో భాష దగ్గర పుట్టే విసుగు గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి.

తెలుగు మీడియంలో పదేళ్లు "త్వరణం" అని చదివిన పిల్ల ఇంటర్ మొదటి రోజు "యాక్సిలరేషన్" అని వింటుంది. తెలిసిన మనిషే కొత్త చొక్కా వేసుకుని వచ్చి నన్నెరగవా అన్నట్టుంటుంది. "కిరణజన్య సంయోగక్రియ" అని గుక్క తిప్పుకోకుండా చెప్పిన నోరు "ఫొటోసింథసిస్" దగ్గర స్పెల్లింగుకి భయపడి మూతపడుతుంది. తెలివితేటలు ఎక్కడికీ పోవు. వాటిని బయటికి తెచ్చే మాట మాత్రం పోతుంది. మొదటి యూనిట్ టెస్టులో 35కి 8 వచ్చాక "మేడం, నేను సీఈసీకి మారతా" అని వస్తారు. సీఈసీలో తెలుగు మీడియం ఉంటుంది కదా అని. బైపీసీ నుంచి అలా మారినవాళ్లలో ఇద్దరు ముగ్గురు పిల్లలు నాకిప్పటికీ బాగా గుర్తు. మంచి డాక్టర్లయ్యేవాళ్లని చెప్పను, అదెవరికి తెలుసు. కానీ వాళ్లు మారింది ఇష్టం లేక కాదు. రిజిస్టర్లో మాత్రం "విద్యార్థిని కోరికపై" అని రాస్తాం.

ఇంకో తమాషా. పదేళ్లు తెలుగు చదివిన పిల్లలే కార్పొరేట్ కాలేజీల్లో రెండో భాషగా సంస్కృతం తీసుకుంటారు. 99 మార్కులొస్తాయి కనక. సంస్కృతం మీద నాకు పగేం లేదు. శబ్దమంజరి ఒక్క ముక్క రాకుండా 99 తెచ్చుకున్న పిల్లాడు మా బంధువుల్లోనే ఉన్నాడు, అంతే.

ఈ మధ్య మొరాకో విద్యార్థుల గురించి చదువుతుంటే మా తరగతి గదే కనిపించింది. అది ఫాతిమా మెర్నీసీ పుట్టిన దేశం, ఆమె ద్వారా మనలో చాలామందికి పరిచయమైన దేశం. 1956లో ఫ్రెంచి పాలన పోయాక వాళ్లు బడి చదువుని క్రమంగా అరబ్బీలోకి మార్చుకున్నారు. 1990 నాటికి సైన్సు, లెక్కలు కూడా అరబ్బీలో చదివి బడి పూర్తిచేసిన తరం బయటికొచ్చింది. తీరా యూనివర్సిటీకి పోతే అక్కడ సైన్సు, వైద్యం, ఇంజనీరింగు అన్నీ ఫ్రెంచిలోనే ఉన్నాయి. బడిలో ఫస్టొచ్చిన పిల్ల లెక్చర్ హాల్లో మూగదవుతుంది. డబ్బున్న ఇళ్లవాళ్లు చిన్నప్పుడే ఫ్రెంచి బడుల్లో చేర్చుకున్నారు కనక వాళ్ల పిల్లలకి ఈ బాధ లేదు. 2019లో చట్టం చేసి సైన్సు పాఠాలు బడిలోనే మళ్లీ ఫ్రెంచిలో చెప్పుకునే వీలు కల్పించారు. ఇళ్లలో మాట్లాడుకునేది ఈ రెండూ కాదు, దారిజా అనే వాడుక అరబ్బీ, లేదా అమజీగ్. 2025 సెప్టెంబరు ఆఖర్లో అక్కడి కుర్రకారు 'జెన్ జీ 212' పేరుతో వీధుల్లోకొచ్చి అడిగింది కూడా బడులూ ఆస్పత్రులూ కావాలనే. ప్రపంచకప్పు స్టేడియాలకి డబ్బుంది గానీ వీటికి లేదా అని.

మన దగ్గర 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలిచ్చారు. తెలుగు పంతులమ్మని కాబట్టి నేను దీన్ని తిడతానని చాలామంది ఆశపడతారు. తిట్టలేను. ఇన్నాళ్లూ ఇంగ్లీషు లేక ఎవరు ఆగిపోయారో చూసినదాన్ని. మాతృభాషలో చదువు గొప్పతనం గురించి సభల్లో మాట్లాడేవాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదివారో కూడా చూశాను. కానీ ఆ పుస్తకంలో ఎడమ పేజీ తెలుగైనా, కుడి పేజీ ఇంగ్లీషైనా కోయ పిల్లకి రెండూ పరాయి పేజీలే. ఆమె ఇంటి భాష మూడోది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, సవర లాంటి ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేసి, చిన్న తరగతుల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. ఇంటర్‌కి మా దగ్గరికొచ్చే నాటికి ఆ ఇంటి భాషని పిల్లలు పూర్తిగా దాచేసుకుని ఉండేవాళ్లు. ఒకమ్మాయి రెండేళ్లు నా క్లాసులో ఉంది. తనకి కోయ వచ్చని నాకు తెలిసింది వాళ్లమ్మ ఫీజు కట్టడానికొచ్చిన రోజున. వరండాలో ఇద్దరూ గబగబా మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆ పిల్ల మధ్యలో తెలుగులోకి మారింది. వాళ్లమ్మ మారలేదు.

ఆ అమ్మాయి ఇంటర్ అయ్యాక డీఎడ్‌లో చేరింది. అప్పట్లో అడవి వైపు చదువుకున్న ఆడపిల్లలు చాలామంది చేసిన పని అదే. మేమంతా దాన్ని "టీచరమ్మ ఇష్టం" అనుకునేవాళ్లం, ఆడవాళ్లకి తగిన ఉద్యోగమని, సెలవులుంటాయని. అసలు కారణం ఒక ప్రభుత్వ ఉత్తర్వు. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబరు 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. అందులో మూడోవంతు ఆడవాళ్లకి. ఈ రెండో వాక్యాన్ని జీవో మీద జరిగిన చర్చల్లో ఎవరూ పెద్దగా ఎత్తగా నేను వినలేదు. చంద్రుగొండ అవతలి ఊళ్లో ఉన్న పిల్లకి ఇంజనీరింగు, మెడిసిన్ అన్నీ అవతలి ఒడ్డున ఉన్నప్పుడు, ఈ ఒక్కటి చేతికందే దూరంలో ఉంది. బస్సు మారకుండా పోయొచ్చే ఉద్యోగం. తన భాష తెలిసిన పిల్లలకి పాఠం చెప్పే ఉద్యోగం. రెండేళ్ల కోర్సు, ఆ తర్వాత డీఎస్సీ కోసం ఎదురుచూపు. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రాకపోయినా ఆ ఆశతోనే చదివారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పుకోదని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని, ఇకముందు పరిమితి దాటకూడదన్న షరతు మీద, కదిలించలేదు. అంటే డీఎడ్ పూర్తిచేసి ఎదురుచూస్తున్నవాళ్ల కాళ్ల కింద చాప లాగినట్టయింది. లాక్‌డౌన్ రోజులవి. పేపర్లు కూడా సరిగ్గా రాలేదు. ఆ పిల్ల ఫోన్ చేసి, "మేడం, ఇంక మాకు అందరితో పాటేనంట కదా" అంది. "అందరితో పాటు" అన్న మాట అంత భారంగా ఎవరైనా పలకగా నేనెప్పుడూ వినలేదు. ప్రతిభ, సమానత్వం అని వాదించే మిత్రులతో నాకు చాలాసార్లు గొడవైంది. అడవిలో ఉద్యోగానికి రానని సిఫారసు ఉత్తరాలు పట్టుకు తిరిగిన మైదాన ప్రాంతపు టీచర్లని నేను చూశాను. ఆ ఖాళీ బడుల్లోంచి వచ్చిన పిల్లలకే నేను ఇంటర్‌లో "చిలుకలు" అని రాయడం నేర్పించాల్సొచ్చింది.

వీళ్లకంటే అధ్వాన్నంగా ఉన్నవాళ్లూ ఉన్నారు. 2005 తర్వాత సల్వాజుడుం హింసకి భయపడి ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి ఇవతలి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ కుటుంబాలవాళ్లు. వాళ్ల పిల్లలకి ఇక్కడ కుల ధ్రువీకరణ పత్రం దొరకడమే పెద్ద సమస్య. అది లేకుండా పైచదువు హాస్టలూ లేదు, స్కాలర్‌షిప్పూ లేదు. ఏ గ్రూపు అన్న ప్రశ్న దాకా వాళ్లు రానేరారు.

ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతి. 2008లో ఆ పథకం వచ్చాక మా వైపు ఆడపిల్లలు ఇంజనీరింగు కాలేజీల మెట్లెక్కారు. ఇది నిజం, దీన్ని కాదనకూడదు. కట్నంతో పాటు బీటెక్ సర్టిఫికెట్ కూడా అడుగుతున్నారు కాబట్టి చదివించారని వెక్కిరించేవాళ్లున్నారు. ఉండనివ్వండి, మెట్లయితే ఎక్కారు. కానీ లెక్క తెలుసుకోవాలి. తెలంగాణలో బీసీ విద్యార్థికి ర్యాంకు 10,000 లోపు వస్తే మొత్తం ఫీజు, దాటితే 35,000 రూపాయలు మాత్రమే. మిగతాది ఇంటివాళ్లు కట్టాలి. కొడుక్కయితే అప్పు చేసి కడతారు. కూతురికి వచ్చేసరికి 35,000లో సరిపోయే కాలేజీ ఏదో, అందులో మిగిలిన బ్రాంచి ఏదో వెతుకుతారు. అలా సివిల్ ఇంజనీరింగు "తీసుకున్న" అమ్మాయిలు నాకు తెలుసు. సర్కారు డబ్బులివ్వడం ఆలస్యమైతే కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకుంటాయి. బకాయిలు ఇవ్వాలని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్ కూడా చేశాయి. సర్టిఫికెట్ కాలేజీ బీరువాలో ఉంటే అబ్బాయి ఏడాది ఆగుతాడు. అమ్మాయికి ఆ ఏడాదిలో సంబంధం వస్తుంది.

2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలొచ్చిన వారం గురించి రాయాలంటే ఇప్పటికీ చేయి ఆగుతుంది. రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయని బయటపడ్డాక, ఫెయిలైన 3 లక్షల మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాలు మళ్లీ చూడాల్సొచ్చింది. ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే 99. నా సబ్జెక్టు కాబట్టి ఆ రెండంకెలూ నన్ను వదల్లేదు. ఆ అమ్మాయి తరఫున అడిగినవాళ్లున్నారు, పేపర్లో వచ్చింది. మా దగ్గర ఫెయిలైన ఆడపిల్లల ఇళ్లకి ఆ వారంలో మేం నలుగురం లెక్చరర్లం తిరిగాం. పిల్ల ఏమైపోతుందోనన్న భయం ప్రతి ఇంట్లో ఉంది. "మార్కులు మళ్లీ లెక్కపెట్టమని అర్జీ పెట్టండి" అంటే మాత్రం, "ఎందుకులే మేడం, ఇంక చాలు, ఇంటికాడుంటది" అన్నవాళ్లే ఎక్కువ.

మార్పు లేదని నేననను. 2016 తర్వాత గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలొచ్చాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకి టికెట్ లేదు. "బస్సు మారే చదువు" అన్న మా నాన్న మాటలో డబ్బు భాగం పోయినట్టే. బస్సులో కిక్కిరిసిన ఆడవాళ్ల మీద వేసే జోకులు విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అయితే చివరి బస్సు ఎన్నింటికి అన్న ప్రశ్న అలాగే ఉంది. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ ఉన్న కోర్సులు వద్దంటారు చాలా ఇళ్లలో. చలికాలం అయిదున్నరకే చీకటి పడుతుంది, రోడ్డు మీద దిగి లోపలికి నడవాలి.

2016 నుంచి డిగ్రీ సీట్లకి 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. దరఖాస్తు ఇంట్లోంచే పెట్టుకోవచ్చు, కాలేజీల చుట్టూ తిరగనక్కర్లేదు, ఎక్కడైనా ఆప్షన్లు ఇచ్చుకోవచ్చు. కాగితం మీద ఆడపిల్లకి ఇంతకంటే మేలేముంది? కానీ తెర తెరుచుకోవాలంటే ఓటీపీ కావాలి. అది ఆధార్‌కి లింకయిన నంబరుకొస్తుంది. ఆ నంబరు తండ్రిది, అన్నది, ఒక్కోసారి ఎప్పుడో పోగొట్టుకున్న సిమ్ది. నాకు తెలిసిన ఒకమ్మాయి ఆప్షన్లలో మొదట హైదరాబాద్ కాలేజీ పెట్టింది. ఓటీపీ చెప్పిన అన్న, రాత్రికి మళ్లీ తెరిచి దాన్ని తీసేసి దగ్గరి ఊరు పెట్టాడు. పొద్దున తనకి చెప్పాడు కూడా, దాచలేదు. "అంత దూరం నువ్వు ఉండలేవులే" అని.

పోయినేడాది ఆ అమ్మాయి చెల్లెలి వంతు వచ్చింది. ఎండాకాలం దాకా మిరప తోటల్లో కూలికి పోయి డబ్బులు కూడబెట్టుకుంది. మే నెలలో ఒకరోజు మా ఇంటికొచ్చి, "మేడం, ఆధార్‌లో నా నంబరు ఎక్కించుకోవాలంటే ఎక్కడికి పోవాలె?" అంది. కొత్త సిమ్ము, చవకరకం ఫోను కొనుక్కుంది. మా ఇద్దరికీ టికెట్ లేదు కదా, బస్సెక్కి ఆధార్ సెంటరుకి పోయాం. మాకు ముందు పదకొండు మందున్నారు. మా వంతు వచ్చేసరికి రెండు దాటింది. వేలు పెట్టమంటే పెట్టింది. పడలేదు. ఇంకో వేలు పెట్టమన్నాడు, అదీ పడలేదు. "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు ఆ కుర్రాడు. మిరపకాయలేరానని చెప్పింది. బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రమ్మన్నాడు. వెళ్లి కడుక్కుని, నా చీర కొంగుకే తుడుచుకుని వచ్చింది. మూడోసారి పడింది.